పట్టాయాలో సాంగ్‌తేవ్ ఎక్కేముందు "ఎంత?" అని అడక్కండి

మీ ప్రశ్న ఇదీ: దసరా సెలవుల్లో గుంటూరు నుంచి ఆరుగురు వస్తున్నారు. మీ దంపతులు, ఇద్దరు పిల్లలు, మీ అమ్మానాన్నలు. థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో నాలుగు రోజులు. అక్కడ సిటీ బస్సులు లేవని, టాక్సీలు మీటర్ వేయవని, దోచేస్తారని విన్నారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఎయిర్‌పోర్టు నుంచి ఎలా రావాలి, ఊళ్లో ఎలా తిరగాలి, నాలుగు రోజులకూ కారు మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదా అని అడిగారు.

నేను పట్టాయాకు దగ్గర్లోనే ఉన్న శ్రీరాచాలో తొమ్మిదేళ్లుగా ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తున్నాను. మన పప్పులు, మసాలాల కోసమైనా వారం పది రోజులకోసారి పట్టాయా వెళ్తుంటాను. మీరు విన్నదాంట్లో సగం నిజమే. సిటీ బస్సులు లేవు. టాక్సీ మీటర్ అని బోర్డు పెట్టుకున్న పసుపు, నీలం రంగు కార్లు ఊళ్లో కనిపిస్తాయి కానీ మీటర్ వేసేవాళ్లు దాదాపు ఉండరు. మిగతా సగం మాత్రం నిజం కాదు. ఆ ఊళ్లో 10 బాత్‌లకు, అంటే మన లెక్కలో పాతిక రూపాయల చిల్లరకు, అందరూ కలిసి ఎక్కే బండిలో బీచ్ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లొచ్చు. అది తెలియకనే మనవాళ్లు 200, 300 ఇచ్చి "దోచేశారు" అని వచ్చి చెబుతారు.

ఆ బండి పేరు సాంగ్‌తేవ్. సాంగ్ అంటే రెండు, తేవ్ అంటే వరుస. ముదురు నీలం రంగు పికప్ ట్రక్కు వెనక భాగానికి పైకప్పు వేసి, ఎదురెదురుగా రెండు బెంచీలు బిగిస్తారు. ఇది అచ్చం మన సర్వీసు ఆటో. గుంటూరు బస్టాండు దగ్గర శంకర్ విలాస్ వైపు వెళ్లే సర్వీసు ఆటో ఎక్కేటప్పుడు ఎవరైనా రేటు అడుగుతారా? చెయ్యి ఎత్తుతాం, ఎక్కుతాం, దిగేటప్పుడు చిల్లర చేతిలో పెడతాం. అదే ఖాళీ ఆటో ఆపి "శంకర్ విలాస్‌కి ఎంత?" అంటే అది బేరం అయిపోతుంది. ఆ ఆటో ఇక మీదే, రేటు వేరే. పట్టాయాలోనూ సూత్రం అదే. మీరు డ్రైవరుతో ఊరి పేరు చెప్పి రేటు అడిగిన క్షణంలో సర్వీసు బండి కాస్తా కిరాయి బండి అవుతుంది. అప్పుడు అతను 200 అన్నాడంటే, అతని లెక్కలో అది మోసం కాదు, బండి మొత్తానికి కిరాయి.

నేను వచ్చిన మొదటి నెలలోనే ఇది అనుభవమైంది. ఆఫీసులో ఇద్దరితో కలిసి సెకండ్ రోడ్డులో నిలబడి, ఖాళీగా వచ్చిన బండి ఆపి జోమ్‌టియన్ బీచ్‌కి ఎంతని అడిగాను. 300 అన్నాడు, 200కి ఒప్పించాను. దారి పొడుగునా జనం చెయ్యి ఎత్తుతున్నా అతను ఎవరినీ ఎక్కించుకోలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. జోమ్‌టియన్‌లో దిగి డబ్బు ఇస్తుంటే వెనకే ఇంకో నీలం బండి ఆగింది. మార్కెట్ సంచులతో నలుగురు థాయ్ ఆడవాళ్లు దిగి, ముందుకు నడిచి, ఎడమవైపు కిటికీలోంచి తలా ఒక నాణెం అందించి, మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆ నాణేలు 10 బాత్‌వి. బంగారు రంగు మధ్య, చుట్టూ వెండి రంగు అంచు. ఆ రోజు నుంచి నా జేబులో అవి లేకుండా పట్టాయా వెళ్లలేదు.

ఎక్కే పద్ధతి చెప్తాను, పిల్లలకు కూడా నేర్పండి. మీరు వెళ్లాల్సిన దిక్కుకే వస్తున్న బండికి, అందులో అప్పటికే మనుషులుంటే మరీ మంచిది, చెయ్యి చూపండి. ఆగగానే వెనక నుంచి ఎక్కి కూర్చోండి. డ్రైవరు ముఖం చూసి ఏమీ చెప్పనక్కర్లేదు. మీ చోటు దగ్గర పడుతుండగా పైకప్పుకు ఉన్న బజర్ నొక్కండి. దిగాక ఎడమ కిటికీ దగ్గరకు వెళ్లి ఆరుగురికీ కలిపి 60 ఇవ్వండి. 1000 నోటు తీస్తే చిల్లర దగ్గర పేచీ మొదలవుతుంది కాబట్టి 20 నోట్లు, 10 నాణేలు ఉంచుకోండి. సెవెన్ ఎలెవెన్ షాపులో నీళ్ల సీసా కొని నోటు మార్చుకోవడం అందరూ చేసే పనే. ఈ 10 బాత్ రేటు చాలా ఏళ్లుగా నడుస్తున్నది. మీరు వచ్చేనాటికి పెంచారేమోనని అనుమానం వస్తే డ్రైవర్ని అడక్కండి, మీ పక్కన కూర్చున్న థాయ్ మనిషి ఎంత ఇస్తున్నారో చూసి అంతే ఇవ్వండి. థాయ్‌లో "ఎంత?" అనడానికి "తావ్ రై" అంటారు. బజార్లో ఆ మాట బాగా వాడండి, సాంగ్‌తేవ్ దగ్గర మాత్రం నోట్లోంచి రానివ్వకండి.

ఇక దారులు. బీచ్ రోడ్డు వన్‌వే, ఉత్తరం నుంచి దక్షిణానికి. దాని వెనకే సమాంతరంగా ఉన్న సెకండ్ రోడ్డు కూడా వన్‌వే, దక్షిణం నుంచి ఉత్తరానికి. సాంగ్‌తేవ్‌లు ఈ రెంటి మీద గానుగెద్దులా చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. కిందికి వెళ్లాలంటే బీచ్ రోడ్డు మీద నిలబడండి, పైకి వెళ్లాలంటే సెకండ్ రోడ్డు మీద నిలబడండి. ఉత్తరం చివర డాల్ఫిన్ బొమ్మలున్న పెద్ద సర్కిల్ ఉంది. అక్కడ కొన్ని బండ్లు ఎడమకు తిరిగి మళ్లీ బీచ్ రోడ్డు పడతాయి, కొన్ని నేరుగా నాక్లువా వైపు పోతాయి. మీ బండి అనుకున్న వైపు తిరగకపోతే కంగారుపడకుండా బజర్ నొక్కి దిగి, 10 బాత్ ఇచ్చేసి, ఇంకోటి ఎక్కండి. దక్షిణం చివర వాకింగ్ స్ట్రీట్ ఉంది. సాయంత్రం అయ్యాక అందులోకి బండ్లు రానివ్వరు, అన్నీ ముందే ఎడమకు తిరిగిపోతాయి. జోమ్‌టియన్ బండ్లు సెకండ్ రోడ్డు, సౌత్ పట్టాయా రోడ్డు కలిసేచోట వరుసగా ఆగి ఉంటాయి. అవి నిండేదాకా కదలవు. అక్కడ కూడా వెళ్లి కూర్చోవడమే, మాట్లాడకూడదు.

దీన్నిబట్టే హోటల్ చూసుకోండి. నా దగ్గరికి వచ్చిన బంధువులు చాలామంది చేసిన పొరపాటు, గది 300 బాత్ తక్కువని సుఖుంవిత్ హైవే అవతలో, థర్డ్ రోడ్డు లోపలి సందుల్లోనో తీసుకోవడం. అక్కడికి నీలం బండ్లు వరసగా రావు. ఒక ముద్ద తినడానికి బయటికి రావాలన్నా కారు పిలవాలి. గదిలో మిగిలింది రెండు ట్రిప్పుల్లో పోతుంది. బీచ్ రోడ్డుకీ సెకండ్ రోడ్డుకీ మధ్య, సెంట్రల్ పట్టాయా ప్రాంతంలో తీసుకోండి. మన భోజనం దొరికే హోటళ్లు కూడా ఆ చుట్టుపక్కలే ఎక్కువ. అమ్మగారి మోకాళ్లకు ఇది అన్నిటికంటే పెద్ద ఉపకారం, ఎందుకంటే బండి గుమ్మం ముందుకే వస్తుంది.

అమ్మగారి విషయం దాచకుండా చెప్తాను. సాంగ్‌తేవ్ వెనక మెట్టు ఎత్తుగా ఉంటుంది. పట్టుకోవడానికి రెండు పక్కలా స్టీలు కడ్డీలుంటాయి కానీ మోకాలు వంగని మనిషికి కష్టమే. మా అమ్మ వచ్చినప్పుడు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది, పైకి లేవలేకపోయింది. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. డ్రైవరు దిగి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని దింపి, ముందు తలుపు తీసి తన పక్క సీట్లో కూర్చోబెట్టాడు. దిగేటప్పుడు నేను ఎక్కువ ఇవ్వబోతే మా ఇద్దరికీ 20 మాత్రమే తీసుకుని, అమ్మకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి వెళ్లాడు. కాబట్టి మీరు కూడా చెయ్యి ఎత్తి, ముందు సీటు ఖాళీగా ఉంటే అమ్మగారిని చూపించి ఆ సీటు వైపు సైగ చేయండి. చాలామంది సరే అంటారు. పెద్దవాళ్లంటే ఇక్కడ గౌరవం ఎక్కువ.

అలాంటి మనుషులే ఖాళీ బండి ఆపితే 200 ఎందుకు అడుగుతారో కూడా తెలుసుకుంటే మీకు కోపం తగ్గుతుంది. బండి నిండా పదిమంది ఎక్కితే ఒక చుట్టుకు వచ్చేది 100 బాత్. డీజిల్ ధర ఎక్కడికో పోయినా ఈ టికెట్ మాత్రం కదల్లేదు. పైగా రోడ్డు మీద బండ్లు అవసరానికి మించి ఉన్నాయి. మధ్యాహ్నం పూట చూడండి, ఖాళీ బండ్లు ఒకదాని వెనక ఒకటి నత్తనడకన పోతూ, నడిచి వెళ్లే ప్రతి టూరిస్టునూ చూసి హారన్ కొడుతుంటాయి. అలాంటి చోట ఒక్క కిరాయి 200కి దొరికితే నిండు బండితో రెండు చుట్లు తిరిగినట్టు. అందుకే వాళ్లు కిరాయి కోసం కాచుకుని ఉంటారు. లోపం రేటు పెంచకుండా, బండ్ల సంఖ్య తగ్గించకుండా, వేరే బస్సు నడపకుండా వదిలేసిన ఏర్పాటులో ఉంది. మోనోరైలు వస్తుందని ఏళ్లుగా వింటున్నాను. ఇంతవరకు ఒక స్తంభం లేవలేదు. లక్షలమంది వచ్చే ఊరికి ఇది అన్యాయమే. ముఖ్యంగా హోటళ్లలో పనిచేసి అర్ధరాత్రి ఇంటికి పోవాల్సిన మామూలు జనానికి. టూరిస్టు నాలుగు రోజులు భరించి పోతాడు, వాళ్లు రోజూ భరించాలి.

సాంగ్‌తేవ్ పనికిరాని చోట కారు పిలిపించుకోవడానికి గ్రాబ్, బోల్ట్ యాప్‌లు ఉన్నాయి. 2021 నుంచి సొంత కార్లతో యాప్ సర్వీసు నడపడానికి థాయ్‌లాండ్‌లో చట్టబద్ధంగా దారి ఏర్పడింది. బోల్ట్ సాధారణంగా తక్కువ పడుతుంది కానీ డ్రైవర్లు ఒప్పుకుని క్యాన్సిల్ చేయడం, ఇంకో 50 ఇస్తారా అని మెసేజ్ పెట్టడం మామూలే. గ్రాబ్ కొంచెం ఖరీదు, వస్తానంటే వస్తాడు. మీరు ఆరుగురు కాబట్టి మామూలు కారు చాలదు, నలుగురికే. యాప్‌లో పెద్ద బండి ఆప్షన్ చూడండి. ఇంకో మాట. నారింజ రంగు జాకెట్లు వేసుకున్న మోటార్‌సైకిల్ టాక్సీ వాళ్ల స్టాండు ముందు నిలబడి యాప్ కారు పిలవకండి. వాళ్లకూ యాప్ డ్రైవర్లకూ పడదు, గొడవలయ్యాయి. హోటల్ లోపలికో, ఓ 100 మీటర్లు పక్కకో పిలిపించుకోండి.

నాలుగు రోజులకూ కారు అవసరం లేదు. ఒక్క రోజుకు మాట్లాడుకోండి. నాంగ్ నూచ్ తోట ఊరికి దక్షిణంగా చాలా దూరంలో, హైవే నుంచి కూడా లోపలికి ఉంటుంది. నాక్లువాలోని సాంక్చురీ ఆఫ్ ట్రూత్, చెక్కతో కట్టిన ఆ పెద్ద మందిరం, మీ నాన్నగారికి తప్పకుండా చూపించండి. ఆ రెండూ, ప్రాతుమ్నాక్ కొండ మీది పెద్ద బుద్ధుడూ కలిపి ఒక రోజు పెట్టుకుంటే బండి కిరాయికి న్యాయం జరుగుతుంది. ఇక్కడ మాత్రం నోరు తెరిచి బాగా అడగాలి. సగం మాటతో ఎక్కితే తర్వాత బాధపడతారు. రేటు మనిషికా, బండికా? పోవడానికా, రానుపోనూనా? అక్కడ మూడు గంటలు ఆగితే వెయిటింగ్ కలిపా? 150 అన్నాడని ఎక్కితే దిగేటప్పుడు "మనిషికి" అనడం నేను కళ్లారా చూశాను. ఫోన్‌లో అంకె టైప్ చేసి చూపించి, ఆరు వేళ్లు చూపించి, మొత్తానికి ఇంతే అని తల ఊపించుకోండి. ఎంత అడగడం న్యాయమో తెలియాలంటే ముందు యాప్‌లో అదే దూరానికి ఎంత చూపిస్తోందో చూసుకోండి. దాని మీద ఆగినందుకు కొంత కలిపి బేరం మొదలుపెట్టండి. డబ్బు చివర్లోనే ఇవ్వండి.

కోలార్న్ దీవికి వెళ్లాలంటే బాలీ హాయ్ రేవు నుంచి మామూలు పడవ 30 బాత్‌లే, ముప్పావు గంట ప్రయాణం. దారిలో పట్టుకుని స్పీడ్‌బోట్ అంటగట్టేవాళ్ల మాట వినకుండా రేవు చివరిదాకా నడవండి, పెద్ద పడవలు అక్కడుంటాయి. పెద్దవాళ్లకు స్పీడ్‌బోట్ కుదుపు అసలు పనికిరాదు. చివరి పడవ ఎప్పుడో దిగగానే అడిగి పెట్టుకోండి.

ఎయిర్‌పోర్టు సంగతి. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ పెద్ద ఎయిర్‌పోర్టు సువర్ణభూమిలో దిగితే పట్టాయాకు సుమారు 120 కిలోమీటర్లు. అక్కడ లెవెల్ 1లో, అంటే కింది అంతస్తులో, 389 నంబరు బస్సు కౌంటర్ ఉంది, టికెట్ 150 బాత్ లోపే. ఒక్కడినైతే నేను ఎప్పుడూ అదే ఎక్కుతాను. కానీ అది సుఖుంవిత్ హైవే కూడళ్లలో దింపి జోమ్‌టియన్ వెళ్తుంది, బీచ్ వైపు రాదు. అక్కడి నుంచి సామాన్లతో, రాత్రంతా నిద్ర లేని పిల్లలతో, ఇద్దరు పెద్దవాళ్లతో ఇంకో బండి వెతుక్కోవాలి. ఆరు టికెట్లు, ఆ రెండో బండి కిరాయి లెక్క వేసుకుంటే కారుకూ దీనికీ తేడా పెద్దగా మిగలదు. మీరు ముందే పెద్ద బండి బుక్ చేసుకుని రండి.

టాక్సీ లైన్‌లోనే ఎక్కుదామనుకుంటే మీటర్ లెక్క తెలిసి ఉండాలి. 2023 జనవరిలో సవరించిన బ్యాంకాక్ రేట్ల ప్రకారం మామూలు కారుకు మొదటి కిలోమీటరు 35 బాత్. పది కిలోమీటర్ల దాకా కిలోమీటరుకు 6.50, అక్కడి నుంచి మెల్లగా పెరుగుతూ 80 దాటాక 10.50. ట్రాఫిక్‌లో ఆగితే నిమిషానికి 3 బాత్. 120 కిలోమీటర్లకు కూడితే దాదాపు 1100. ఎయిర్‌పోర్టు చార్జి 50, టోల్ వేరే. ఊరు దాటి వెళ్లి ఖాళీగా తిరిగి రావాలి కాబట్టి డ్రైవర్లు గుత్త రేటే చెబుతారు. 1500 దగ్గర తేలితే నేను గొణక్కుండా ఇస్తాను, 2500 అంటే దిగిపోతాను. టాక్సీ లైన్ దగ్గరి యంత్రంలోంచి వచ్చే చీటీ మీద బండి నంబరు ఉంటుంది, దాన్ని డ్రైవరుకు ఇచ్చేయకుండా మీ దగ్గరే ఉంచుకోండి. ఒక విషయం ఎవరూ చెప్పరు. చాలా టాక్సీలకు డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉంటుంది. రెండు పెద్ద సూట్‌కేసులు పెడితే మూత పడదు. ఆరుగురి సామాను ఒక కారులో ఎక్కుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఇన్నోవా లాంటి పెద్ద బండి లేదా వ్యాను అని ముందే చెప్పండి.

ఒకవేళ థాయ్ ఎయిరేషియా టికెట్ చౌకగా ఉందని తీసుకుంటే, అది బ్యాంకాక్ రెండో ఎయిర్‌పోర్టు డాన్ మువాంగ్‌లో దిగుతుంది, సువర్ణభూమిలో కాదు. బ్యాంకాక్‌కి అటు పక్క. దూరం పెరుగుతుంది, 389 బస్సు ఉండదు. టికెట్‌లో మిగిలినదానికి ఈ ఖర్చు కలిపి చూసుకోండి.

మీరూ మీ ఆవిడా స్కూటర్ అద్దెకు తీసుకుని తిరుగుదామనుకుంటున్నారేమో. మోటార్‌సైకిల్‌కు చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకపోతే వద్దు. సెకండ్ రోడ్డులో పోలీసులు ఆపి జరిమానా రాయడం చిన్న విషయం. ప్రమాదం జరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు లైసెన్సు లేదని క్లెయిమ్ కొట్టేస్తారు, అది పెద్ద విషయం. షాపులో పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వకండి.

దసరా అంటే అక్టోబరు, పట్టాయాలో వానలు గట్టిగా పడే నెల. గంటసేపు కురిస్తే బీచ్ రోడ్డు, సెకండ్ రోడ్డు, థర్డ్ రోడ్డుల్లో కొన్నిచోట్ల మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఆ సమయంలో యాప్ రేట్లు రెట్టింపవుతాయి, కార్లు అసలు దొరకవు. వాన మొదలైతే ఎక్కడున్నారో అక్కడే, మాల్‌లోనో హోటల్‌లోనో, గంట రెండు గంటలు కూర్చోండి. నీళ్లు త్వరగానే దిగుతాయి. సాంగ్‌తేవ్‌లకు పక్కల ప్లాస్టిక్ పరదాలు దించుతారు కానీ జల్లు పడుతుంది, పిల్లలకు గొడుగులు ఉంచుకోండి.

డబ్బు దగ్గర నిజంగా పేచీ వస్తే గట్టిగా అరవకండి. ఇక్కడ గొంతు పెంచినవాడిదే తప్పు అన్నట్టు చూస్తారు, జనం డ్రైవరు వైపు నిలబడతారు. బండి పక్కన రాసి ఉన్న నంబరు ఫోటో తీసుకుని టూరిస్ట్ పోలీసు నంబరు 1155కి ఫోన్ చేస్తానని మెల్లగా చెప్పండి. ఇంగ్లీషులో మాట్లాడతారు. నేను తొమ్మిదేళ్లలో రెండుసార్లు ఆ నంబరు డయల్ చేశాను. రెండుసార్లూ అవతల రింగ్ అవుతుండగానే ఇవతల వ్యవహారం తేలిపోయింది.

తిరుగు ప్రయాణానికి హోటల్ డెస్కులో చెప్పే రేటు, బయట సెకండ్ రోడ్డు మీద టాక్సీ బుకింగ్ టేబుళ్లలో చెప్పే రేటు రెండూ ఒక రోజు ముందే కనుక్కోండి, బయట తక్కువ ఉంటుంది. ఆదివారం సాయంత్రం మాత్రం పెట్టుకోకండి. వారాంతానికి వచ్చిన బ్యాంకాక్ వాళ్లంతా ఒకేసారి మోటార్‌వే ఎక్కుతారు, రెండు గంటల దారి మూడున్నర పట్టవచ్చు. మీ తేదీలు, హోటల్ ఏ రోడ్డులో ఉందో రాస్తే, గుమ్మం నుంచి ఏ వైపు నిలబడి బండి ఆపాలో కూడా చెప్తాను.